కోట కాడ కాకుంటే బావి కాడ

జగిత్యాల కోట. గోడ నీడలో నరేందర్, పుష్ప కూర్చున్నారు. పిల్లలు మానస, క్రాంతి బురుజు మీదికి ఎక్కుతున్నారు.

“ఇప్పుడే చెప్పుడు అద్దు పుష్పా. ఎక్కుతున్నరు, ఎక్కనియ్యి.”

“ఎక్కి దిగినంక చెప్తవా?”

“నేనా? నువ్వు చెప్తా అన్నవ్ గద.”

“నేనెప్పుడన్న? కారెక్కేటప్పుడు నువ్వే అన్నవ్. కోట కాడ కూసుండవెట్టి నిమ్మలంగ చెప్తా అని.”

“అన్న. అన్న గని… ఎండ సూడు ఎట్ల కొడ్తుందో.”

“ఎండకు, దీనికి ఏం సంబంధం?”

“ఏం లేదు.”

“పొద్దుగాల సంది గిదే. ఏం లేదు, ఏం లేదు.”

“అగో, క్రాంతీ, అంచుకు పోకురా. అక్క చెయ్యి పట్టుకో.”

“డాడీ, గీ కోట నక్షత్రం లెక్క ఉంటదని అక్క అంటుంది. నాకైతే గోడలే కనవడ్తున్నయి.”

“మీదికెళ్లి సూస్తే కనవడ్తది కొడుకా.”

“మీదనే ఉన్న కద.”

“ఇంకా మీదికెళ్లి. ఆకాశం నుంచి.”

“గాడికెట్ల పోతం?”

“పోలేం. అందుకే అక్క చెప్పింది నమ్ము.”

“అబద్ధం కాదు డాడీ, మా సోషల్ సార్ ఫోటో సూపెట్టిండు. తమ్మీ, ఇటు రా, ఇంకో ఫిరంగి ఉన్నది.”

“ఉరుకకు మానసా. వాడు పడ్తడు… సూడు పుష్పా, ఎంత సంబురంగ ఉన్నడో. ఇప్పుడు పిలిచి చెప్పుమంటవా?”

“నేను గట్లంటలేను. ఎప్పుడో అప్పుడు చెప్పాలె కద. సాయంత్రం సిరిసిల్లకు, నేనుండే కాడికి పోతం. మానస నాతోని దిగుతది. నువ్వు వాన్ని తీస్కొని మల్ల జగిత్యాల బాట వడ్తవ్. కార్ల ఎక్కేటప్పుడు వాడు అక్కేది అంటే ఏమంటవ్?”

“కోరుట్లల చెప్దం. మెట్లబావి కాడ. ఆడ మంది ఉండరు.”

“బావి కాడ.”

“ఒట్టు.”

“నీ ఒట్లు నాకెందుకు గని, లే. పిల్లలకు నీళ్లియ్యి.”

కారు. కోరుట్ల రోడ్డు. వెనక సీటులో పిల్లలు.

“అమ్మా, గీ బ్యాగుల నా స్వెట్టరెందుకు పెట్టినవ్?”

“చలి పెడ్తదని బిడ్డా.”

“రాత్రి వరకు ఇంటికి పోతం కద.”

“బాటల పెడ్తది. పొద్దూకితే గాలి కొడ్తది.”

“మరి తమ్మునిది పెట్టలే?”

“…మర్శిపోయిన.”

“నా సోషల్ బుక్కు గూడ ఉన్నది. మ్యాథ్స్ బుక్కు గూడ ఉన్నది.”

“మానసా, జర సప్పుడు చెయ్యకుండ కూసో. డాడీ బండి నడుపుతున్నడు.”

“నడుపనియ్యి. నేను నిన్ను అడుగుతున్న.”

“ఏదన్న పాట పెట్టరాదా నువ్వు. ఊకె కూసుంటే వీళ్లకు గిట్లనే ఏవేవో యాదికస్తయి.”

“డాడీ, నాకు పాటద్దు. నువ్వు మస్కట్ల ఉన్నప్పుడు ఫోన్ల చెప్తుంటివి కద, ఇంటికి అచ్చినంక కోటలు సూపెడ్త, బావులు సూపెడ్త అని. గదే గిదా?”

“గదే కొడుకా.”

“మరి అచ్చి రెండేండ్లాయె కద.”

“గదే… ఇయ్యాల కుదిరింది.”

“ఇయ్యాలనే ఎందుకు కుదిరింది?”

“నువ్వు గూడ మీ అక్క లెక్క తయారైతున్నవ్. అగో, నెమలి సూడు.”

“యాడ?”

“పోయింది.”

కోరుట్ల మెట్లబావి. పిల్లలు కిందికి దిగారు. గట్టు మీద నరేందర్, పుష్ప.

“ఆడనే ఆగుండ్రి. నీళ్ల దిక్కు పోకుండ్రి, ఇనవడ్తుందా? మానసా, వాన్ని ఇడిశిపెట్టకు.”

“పట్టుకున్నది పుష్పా. ఎప్పుడన్న ఇడిశిపెట్టిందా?”

“ఇప్పుడు పిలువు మరి. బావి కాడనే అంటివి.”

“ఒక మాట అడుగుతా, కోపానికి రావు కద?”

“కోపానికి రావాల్నంటే గూడ ఓపిక ఉండాలె. అడుగు.”

“పెద్దమనుషులల్ల కూసున్ననాడు, ఆడపిల్ల తల్లితోని, మొగపోరడు తండ్రితోని అని మీ మనోహరన్న అన్నడు. అందరు తలకాయలు ఊపిండ్రు. మనం గూడ ఊపినం.”

“ఊపినం.”

“నువ్వెందుకు ఊపినవ్?”

“నువ్వు ఊపినవని.”

“నేను నువ్వు అద్దంటవనుకున్న.”

“నేను గదే అనుకున్న. ఎవలో ఒకలు లేశి, గిదేం పద్ధతి అంటరేమోనని సూసిన. ఎవలు అనలే. అందరికి చాయ్ అచ్చింది, తాగినం, లేశినం.”

“ఇప్పుడు మల్ల పోయి అడుగుదమా?”

“ఏమని? మేం కలిసి ఉంటమని అడుగుతవా?”

“గట్లని కాదు.”

“మరెట్లని?”

“నాకేం తెల్వది పుష్పా. మనసుల ఒక్కటే కొడ్తుంది.”

“నాకు కొడ్తలేదా? సూడు, నువ్వు చెడ్డోనివి అని నేను ఎన్నడు ఎవలతోని అనలే. తాగవు, కొట్టవు. గని నువ్వు మస్కట్ నుంచి అచ్చినంక ఇంట్ల ఒక మనిషి ఎక్కువైనట్టే అనిపిచ్చింది నాకు. అన్నేండ్లు ఒక్కదాన్నే నడిపిన. బియ్యం ఎంత పొయ్యాలె, పిల్లలను ఎప్పుడు లేపాలె, అన్ని నా చేతుల మీద నడిశినయి. నువ్వు అచ్చి గిట్లెందుకు, గట్లెందుకు అంటే తల తిరిగేది.”

“నేను మాత్రం? నా ఇంట్లకు నేనే చుట్టం లెక్క అచ్చిన. నీళ్లు తాగుదమంటే గ్లాసు యాడుందో అడుగుడాయె.”

“ఇప్పుడు తెలుసు కద గ్లాసు యాడుందో.”

“ఇప్పుడు తెలుసు. ఇప్పుడు నువ్వే లేవు ఇంట్ల.”

“బట్టల కంపెనీల పని సిరిసిల్లల దొరికింది, జగిత్యాలల దొరుకలే. పని దొరుకకున్నా పోయేదాన్నేమో. నీతోని అబద్ధమెందుకు?”

“తెలుసు.”

“తెలుసా?”

“నువ్వు పోయిననాడు, కొట్లాడుకునుడు బందైంది కద అని జర సల్లగనే అనిపిచ్చింది నాకు. ఎవలతోని చెప్పలే.”

“అంతే. ఇగ మనిద్దరికి మాట్లాడుకునేది ఏం లేదు. పిల్లలతోని మాట్లాడేదే మిగిలింది.”

“అమ్మా, డాడీ, రాండ్రి. ఈడ మస్తు సల్లగున్నది. అరిస్తే బావి గూడ అరుస్తుంది.”

“అస్తున్నం క్రాంతీ… ఇప్పుడు చెప్తే పుష్పా, ఏడ్సుకుంట మెట్లెక్కుతరు. జారిపడ్తరు.”

“మరి?”

“తిన్నంక చెప్దం.”

“నువ్వు చెప్పవు.”

“నువ్వు చెప్పు మరి.”

“…తిన్నంకనే చెప్దం.”

రుద్రంగి దాటే ముందు, గుట్టల మలుపుల్లో. కారు రోడ్డు పక్కన ఆగింది.

“డాడీ, జల్ది తలుపు తియ్యి, కక్కుతున్నడు.”

“అయ్యో, తిన్నదంతా పాయె. పట్టుకో, పట్టుకో వాన్ని.”

“పట్టుకున్న పుష్పా. క్రాంతీ, వంగు కొడుకా, వంగు.”

“గట్ల గట్టిగ పట్టుకోకు డాడీ. గట్టిగ పట్టుకుంటే ఇంకింత గింజుకుంటడు. నాకియ్యి.”

“నువ్వు మొయ్యలేవు బిడ్డా.”

“మోసుడు కాదు, నుదురు మీద చెయ్యి పెట్టాలె. గిట్ల. తమ్మీ, కండ్లు మూస్కో. దూరంగ చెట్టున్నది అనుకో. గంతే. అమ్మా, నీళ్లు.”

“ఇగో. తాగిపియ్యి.”

“తాగుడు కాదు, ముందుగాల పుక్కిలియ్యాలె. ఎంటనే తాగితే మల్ల అస్తది వానికి.”

“గిట్ల ఎప్పటి సంది అయితుంది వీనికి?”

“బస్సెక్కితే ఎప్పుడూ అయితది. నీ దగ్గరికి సిరిసిల్లకు అచ్చినప్పుడల్ల అయితది అమ్మా. నీకు చెప్పద్దంటడు.”

“ఎందుకు చెప్పద్దంటవ్ క్రాంతీ?”

“చెప్తే నన్ను రావద్దంటవని.”

“గట్లెందుకంట కొడుకా.”

“అంటవ్. నాకు నిమ్మకాయ కావాలె.”

“నిమ్మకాయ యాడ దొరుకుతది ఈడ?”

“నా బ్యాగుల ఉన్నది డాడీ. ముందు జేబుల.”

“నువ్వు తెచ్చినవా మానసా?”

“ఎవలు తెస్తరు మరి?”

చందుర్తి దాటాక. పొద్దు వాలింది. వెనక సీటులో పిల్లలు కళ్లు మూసుకుని ఉన్నారు.

“పండుకున్నరా?”

“పండుకున్నరు. వాడు దాని ఒడిల తలకాయ పెట్టిండు.”

“వేములవాడల ఆగుదమా? ఆ గుడి గూడ పాతదే, సూడాలె అన్నది మానస.”

“ఆదివారం, మంది మస్తుంటరు. నాకు నడిశే ఓపిక లేదు. ఇంకో కాడ దిగి, ఇంకో కాడ చెప్దం చెప్దం అనుకునే ఓపిక అసలే లేదు.”

“నాకు గూడ లేదు. పుష్పా, ఒక పని చెయ్యనా? ఇద్దరిని వాపస్ తీస్కపోనా?”

“ఇద్దరినీనా? నేను ఒక్కదాన్నే దిగాల్నా?”

“పోనీ ఇద్దరిని నువ్వే దించుకో.”

“ఒక్క గదిల ఉంటున్న. పొద్దున పోతే చీకటి వడ్డంక అస్త. వానికి బడి యాడ సూడాలె? వాన్ని ఎవలు సూడాలె?”

“మానస సూస్తది.”

“గదే. అన్నిటికి మానసనే. పదమూడేండ్లు లేవు దానికి. వానికి నిమ్మకాయ జేబుల పెట్టుకొని తిరుగుతుంది. నాకు సిగ్గైంది ఇందాక, నిజంగ.”

“నాకు గూడ.”

“మరి గసుంటి దాన్ని ఇప్పుడు వాన్నుంచి ఎడబాపుతున్నం మనం. ఏం మనుషులం?”

“మరి వాపస్ రా ఇంటికి.”

“…నువ్వు నిజంగ రమ్మంటున్నవా?”

“నిజంగ కాదు. రమ్మంటే అస్తవేమోనని భయమైంది.”

“అస్తే మల్ల గదే కొట్లాట. గదే మొఖాలు. వీళ్లు తలుపు అవతల నిలవడి ఇనుడు.”

“అయితే ఖాయమే.”

“ఖాయమే. ఎప్పుడో ఖాయమైంది. చెప్పుడొక్కటే ఖాయం కాలే.”

“అగో, సిరిసిల్ల అచ్చింది.”

“ఆపు. ఈడనే ఆపు. మా గల్లీకి పోతే అందరు చుట్టు చేరుతరు. ఈడనే చెప్దం.”

“నువ్వు చెప్తవా?”

“ఇద్దరం చెప్దం. లేపు.”

“మానసా, బిడ్డా, లే.”

“లేశే ఉన్న డాడీ.”

“ఎప్పటి సంది?”

“పండుకోనే లేదు.”

“…క్రాంతి?”

“నేను గూడ పండుకోలే. అక్క కండ్లు మూస్కొమ్మన్నది, మూస్కున్న.”

“అయితే అంత… అంత ఇన్నరా?”

“ఇయ్యాల ఇనుడేంది డాడీ? నాకు ముందుగాలనే తెలుసు. మనోహర్ మామ అమ్మతోని ఫోన్ల మాట్లాడ్తుంటే ఇన్న. నేను అమ్మకు, తమ్ముడు నీకు. గదే కద?”

“నన్నెందుకు అడుగలే బిడ్డా?”

“నువ్వు చెప్తవని సూసిన అమ్మా.”

“మరి తమ్మునికి…”

“నేనే చెప్పిన. దసరా సెలవులల్ల చెప్పిన.”

“నేను ఏడ్వలే డాడీ. జరంతనే ఏడ్సిన.”

“అయ్యో కొడుకా. ఇటు రా. ముందటికి రా, నా దగ్గర కూసో.”

“నేను రాను. నేను అక్క దగ్గరనే ఉంట.”

“సూడు మానసా, మేం గిట్ల కావాలని అనుకోలే. అమ్మకు నా మీద కోపం లేదు, నాకు అమ్మ మీద లేదు. గని కలిసి ఉంటే…”

“తెలుసు డాడీ. కలిసి ఉంటే మీ ఇద్దరికి మంచిగుండదు. ఉండుమని నేను అంటలేను.”

“మరేమంటున్నవ్ బిడ్డా? నాతోని ఉండవా? నీకు ఈడ మంచి బడి సూసిన. మామ గూడ దగ్గర్నే ఉంటడు.”

“నేను దిగను అమ్మా.”

“గట్లంటే ఎట్ల బిడ్డా? పెద్దమనుషులల్ల మాటైపోయింది.”

“పెద్దమనుషులు మమ్మల్ని అడుగలే.”

“అయితే ఇద్దరు నా దగ్గరనే ఉంటరా మానసా? అమ్మ ఒక్కతి అయితది.”

“నీ దగ్గర కాదు డాడీ.”

“మరి ఎవలి దగ్గర?”

“అక్కా, నువ్వు చెప్పు. నాతోని అన్నవ్ కద, గట్లనే చెప్పు.”

“మేమిద్దరం యాడికి పోం. జగిత్యాలల మనింట్లనే ఉంటం. ఇడిపోయేది మీరు కద, వంతులేసుకొని మీరే అచ్చి ఉండి పోండ్రి.”