రెండు గీతల రాయి

బందరు కాలేజీ ఫిజిక్స్ ల్యాబు. రీసెర్చ్ చేస్తున్న తనూజ, అటెండరు ధనుంజయరావు.

“...అంటే, గీత ఒక్కటే కనపడుతుందా తనూజమ్మా?”

“ఒక్కటే బాబాయ్! మొన్నటిదాకా ఈ కాల్‌సైట్ రాయి కింద ఒక గీత పెడితే రెండు కనపడేవి కదా. వేడి పెరిగేకొద్దీ ఆ రెండూ ఎంత దగ్గరవుతాయో కొలవడమే నా పని. వెంట్రుకవాసి జరుగుతాయేమో అనుకున్నా. ఏకంగా కలిసిపోయాయి! ప్రపంచంలో ఇంకెవరూ చూడలేదు.”

“మంచిదే. ఎంతుంది వేడి?”

“అరవై.”

“ఇంక చాల్లే అమ్మా, ఆపెయ్. భోంచేసి రా.”

“రెండొందల దాకా వెళ్లాలండీ. ఈలోపు మా గైడు గారికి మెసేజ్ కొడుతున్నా.”

“అప్పుడేనా? ఆయన గుడివాడలో పెళ్లికెళ్లారు కదా. పెళ్లిలో ఎందుకమ్మా?”

“ఎగిరి గంతేస్తారు. డెబ్బై రెండు.”

“కరెంటు పోయేలా ఉంది.”

“పోదు. మీకెందుకు బాబాయ్ చెమటలు?”

“బందరులో పట్టక ఊటీలో పడతాయా? ఎంత?”

“ఎనభై మూడు. శనివారం మీ రిటైర్మెంట్ సభలో ఏం చెప్తానో తెలుసా? ముప్పై ఏళ్లలో ఒక్క లెన్సు కూడా పగలగొట్టని మా బాబాయ్...”

“ఆ మాట అనకు!”

“ఏ మాట?”

“అదే... పగలగొట్టని అన్నావే, అది. ఎంత?”

“ఎనభై తొమ్మిది. సెండ్ నొక్కుతున్నా.”

“నొక్కకు! అది నీ రాయి కాదు. పటిక.”

“పటికా?”

“నిన్న తుడుస్తుంటే నీ రాయి చెయ్యి జారింది. మా పెడనలో అద్దకాల వాళ్ల ఇళ్లల్లో పటికకేం తక్కువ? మీ పిన్ని దగ్గర అద్దంలాంటి ముక్క ఏరి, తడిబట్ట మీద అరగదీసి పెట్టా. అచ్చం అలాగే ఉందనుకున్నా. రెండు గీతల సంగతి తట్టలేదు. ముందు హీటరు కట్టెయ్యమ్మా, తొంభై దాటితే పటిక కరిగి పొంగి నీ మెషీను పాడైపోద్ది!”

“నాతో చెప్పొచ్చుగా.”

“సిగ్గేసింది. వెళ్లిపోయేముందు ఈ మచ్చ ఎందుకనుకున్నా. నీ చదువు కంటే నా పరువే ఎక్కువైపోయింది. తప్పయింది తల్లీ.”

“ముక్కలు పారేశారా?”

“జేబులోనే ఉన్నాయి. మనసొప్పలేదు.”

“ఇలా ఇవ్వండి. కాల్‌సైట్ ఎన్ని ముక్కలైనా ప్రతి ముక్కా రెండు గీతలే చూపిస్తుంది. ఈ పెద్దది నాకు చాలు.”

“సరేగానీ, ముందు ఆ హీటరు! తొంభై దాటుంటుంది!”

“పొద్దున గీత ఒక్కటే కనపడగానే ప్లగ్ పీకేశాను బాబాయ్. మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నా.”