మేనమామ లేని ఫ్లెక్సీ

వినుకొండలో ఫ్లెక్సీలు వేసే కొట్టు. కంప్యూటరు ముందు నజీరా, పక్కన స్టూలు మీద మిర్చి రైతు వెంకయ్య.

“ఇంకెంతసేపమ్మా నజీరా? పెళ్లిపందిరి వేసేశారు, మా అమ్మాయి ఫ్లెక్సీ ఒక్కటే తక్కువ.”

“హార్డ్ డిస్కు నిండిపోయింది బాబాయ్ గారూ. మీ శ్రీదివ్య ఫ్లెక్సీ సేవ్ కావట్లేదు. పాతవి తీసేసి డీఫ్రాగ్ పెట్టాలి.”

“అంటే?”

“ఒక్కో ఫైలూ ముక్కలై తలా ఒక మూల పడుంటుంది. ఆ ముక్కల్ని ఒకచోటికి చేరుస్తుంది. ఖాళీ చోటంతా ఒక్కటిగా కలిసొస్తుంది.”

“మిర్చి బస్తా టిక్కీలో కాయ తొక్కినట్టు కాలితో తొక్కెయ్యరాదూ.”

“తొక్కితే కొత్తది మీరే కొనివ్వాలి. ఈలోగా చెప్పండి, మేనమామ ఫొటో ఎక్కడ పెట్టమంటారు?”

“పెట్టొద్దు.”

“పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చేది మేనమామే కదండీ. కోటేష్ గారు లేకపోతే...”

“బుట్ట మా తమ్ముడు మోస్తాడు. ఆ కోటేష్ గాడి పేరెత్తకు.”

“ఇంతకీ ఏం చేశాడాయన?”

“రెండేళ్ల కిందట వాన పడుతుంటే, కల్లంలో నా కాయ మీదున్న టార్పాలిన్ పట్టా లాగి వాడి కాయ మీద కప్పుకున్నాడు. సొంత బావమరిది. నా కాయంతా తెల్లబడి తాలైపోయింది.”

“పట్టా ఎవరిది?”

“పట్టా వాడిదే అనుకో. ఇప్పుడది కాదు సంగతి.”

“సరే, పాతవి తీసేస్తున్నా. ఇవి ఎన్నికలవి...”

“అవి ముందు తీసెయ్. గెలిచినోడూ ఓడినోడూ, ఇద్దరూ మళ్లీ కనపడలేదు.”

“ఇవి పుట్టినరోజులవి, ఇది...”

“ఆగు. వెనక్కెళ్లు. అది నా మొహమేనా?”

“అబ్బే, కాదండీ.”

“మీసం నాదే. ఆ దండేంటి? దీపమేంటి? కింద ఏమని రాశావు?”

“శ్రద్ధాంజలి అని.”

“నేనిక్కడ కూర్చుని టీ తాగుతున్నాగా.”

“పోయినేడు మీరు చేలో పురుగుమందు కొడుతూ పడిపోయారు కదా. గుంటూరు ఆసుపత్రిలో పోయారని ఊరంతా అనుకున్నారు. అప్పుడు ఒకాయన వచ్చి చేయించాడు.”

“ఎవడా ఒకాయన?”

“ఫ్లెక్సీ ప్రింటు మిషను మీద ఎక్కించబోతుంటే ఫోనొచ్చింది, మీరు కళ్లు తెరిచారని. కొట్లో ఉన్నవాళ్లందరికీ టీలు, సమోసాలు తెప్పించాడు. ఇది చెరిపెయ్యమన్నాడు, నేనే మర్చిపోయా.”

“ఎవడని అడిగితే సమోసాలంటావేంటి?”

“కోటేష్ గారు.”

“చూశావా, నన్ను పంపించడానికి ఎంత తొందరో.”

“ఏడుస్తూ వచ్చాడు బాబాయ్ గారూ. ముక్కు తుడుచుకుంటానంటే గుడ్డ దొరక్క ఫ్లెక్సీ ముక్క ఇచ్చా.”

“అంత ఏడ్చేవాడైతే కింద వాడి ఫొటో ఏదీ? ఎవడు పోయినా కింద ‘ఇట్లు’ అని పది మొహాలుంటాయే.”

“తనది వద్దన్నాడు.”

“ఊఁ. మరి నా భుజం మీద ఆ చెయ్యెవరిది?”

“ఆయనదే. మీరిద్దరూ కలిసి దిగిన ఫొటో అది. తనని కత్తిరించెయ్యమన్నాడు. చెయ్యి తీద్దామంటే మీ భుజం కూడా పోతోంది.”

“ఎందుకు కత్తిరించమన్నాడు?”

“‘బతికుండగా నా పక్కన నిలబడనన్న మనిషిని, పోయాక బలవంతంగా నిలబెట్టకూడదమ్మా’ అన్నాడు.”

“అలా అన్నాడా.”

“అన్నాడు. పోన్లెండి, ఇది చెరిపేస్తున్నా.”

“దండ చెరుపు, దీపం చెరుపు. ఆ కత్తిరించిన ముక్క ఉందా?”

“ఫొటో మొత్తం ఉంది.”

“అయితే అదే పెట్టు పెళ్లి ఫ్లెక్సీలో. వాడి తల మాత్రం నా తలకంటే కాస్త చిన్నగా ఉండాలి.”