గాలయ్య బిల్ల

హలో… ఆ, నేనే సార్. క్వారీ గుడిసెకెల్లి, సైరన్ యేసోబును.

…కూసింది సార్. కూలోళ్ళు పైకెక్కిండ్రు. ఎర్రజెండ గూడ ఎత్తిన… గాని పేల్చే మీట నొక్కకుండ్రి.

…చెప్తున్న, జర ఆగుండ్రి—

…బిల్లలా? అన్నీ ఉన్నయి. పలక మీద ఒక్క మొల గూడ ఖాళీ లేదు. గాని క్వారీలకెల్లి పైకొచ్చినోడు తన పేరు బిల్ల తనే తగిలియ్యాలె, అదే గద మన ఖాయిదా. గాలయ్య బిల్ల గాలయ్య తగిలియ్యలే సార్. వాని పెండ్లం బిక్షమ్మ తన బిల్లతోని కలిపి తగిలిచ్చింది. నా కండ్లతోని చూసిన.

…అడిగిన. వెనక బాటకెల్లి కల్లు దుకాణం పోతనన్నడట, నమ్మి వాని బిల్ల తెచ్చింది. మనిషిని ఉరికిచ్చిన. దుకాణంల లేడు. తాగి లోపలనే యాడనో పన్నడు… సైరన్‌కు గూడ లేవలే.

…ఇనొచ్చింది సార్. ఆ ఉరుము నందికొండ అంతటికి ఇనొచ్చింది. పిడుగు పడితె గుంతలల్ల నింపిన మందు తోటాలు వాటంతటవే పేల్తయని నాకెరికే. మీ తొందర గూడ ఎరికే… వైర్లు ఊడబీకినా పిడుగుకు అవి ఆగయి, అదీ ఎరికే.

…ఏందీ?

…'లోపల ఎవ్వరు లేరు, అంత సాఫ్' అని ఒక్క మాట అంటె సాలా…

…అవు. పలక నిండింది. నా మీదికి తప్పు రాదు. పోతె బిక్షమ్మ మీదికి పోతది… అవు, ఎవ్వనికి తెల్వది.

…అవు సార్, వాడే. జాగా కొట్లాటల తాగొచ్చి మా ప్రార్థన పాకకు అగ్గి పెట్టినోడు వాడే. మా బిడ్డ దానమ్మ చేతులు అప్పుడే కాలినయి. ఇప్పటికి బువ్వ కలుపుకోరాదు, నేనే తినిపిస్త… మర్సిపోతనా?

…అబద్ధమెందుకు సార్, మీరు ఆ మాటంటుంటె నా పానం సల్లబడ్డది. పొద్దున గూడ మోకాళ్ళ మీదుండి, వాణ్ని లేకుంట చెయ్యి ప్రభువా అనే అడిగిన.

…ఆ. 'అడిగింది ఇచ్చిండు, తీస్కో' అంటరా… నవ్వుండ్రి సార్, నవ్వుండ్రి.

…లేదు. పగోణ్ని ప్రేమించుమన్నడు. నీకు ఇష్టమేనా అని అడగలే, చెయ్యమన్నడు. నాకు ప్రేమ లేదు సార్. వాని పేరు తీస్తెనే కడుపు మండుతది. అయినా చెప్పిన పని చెయ్యాలె గద… మీ మాట ఎన్నడన్న కాదన్ననా? గీ ఒక్కటి కాదంటున్న.

…నౌకరి తీసేయుండ్రి.

…నొక్కుతరా? నేను సాఫ్ అనకున్నా నొక్కుతరా?

…అయితె ఇనుండ్రి. నా బిల్ల పలక మీదికెల్లి తీసిన. జేబుల ఏసుకున్న. ఇగ పలక నిండలే. ఖాయిదా ప్రకారం నేను లోపలున్నట్టే.

…బెదిరిచ్చుడు కాదు సార్. దిగుతున్న.

…దానమ్మనా?

…బిక్షమ్మ ఈడనే కూసోని ఏడుస్తాంది. ఆమెకే చెప్పిన. నేను పైకి రాకుంటె మా పిల్లకు బువ్వ తినిపియ్యమని… ఒప్పుకున్నది.

ఫోన్ పెట్టేస్తలేను సార్. గిట్లనే అంగి జేబుల పెట్టుకుంటున్న. చెవి తియ్యకుండ్రి. నా గొంతు ఇనొస్తున్నంత సేపు మీట ముట్టకుండ్రి…

…గాలయ్యా!

…ఓ గాలయ్యా!

…ప్రభువా, మళ్ళ మెరిసె… గాలన్నా! యాడున్నవు!

…ఉన్నడు సార్! బతికే ఉన్నడు!

…లే అన్నా, లే… నేనే, యేసోబును… కొట్టనే, భయపడకు… నా మెడ పట్టుకో… గట్టిగ పట్టుకో అన్నా—