సైకిల్ మీద హెల్మెట్ పెట్టుకున్న నేరం

తేదీ: 14-09-2024, శనివారం. స్థలం: మానవపాడు పోలీస్ స్టేషన్.

నా పేరు బాలనాగమ్మ. భర్త పేరు మద్దిలేటి. వయసు 41 సంవత్సరాలు. వృత్తి కూలి పని. నివాసం మానవపాడు మండలం ఎర్రగుంట గ్రామం. ఎస్సై గారు అడగగా, ఎవరి బెదిరింపూ లేకుండా చెబుతున్నాను. బెదిరించినవాళ్లు లేక కాదు, నేను బెదరలేదు. నన్ను నిందితురాలిగా రాయాలో సాక్షిగా రాయాలో ఇంకా తేలలేదన్నారు. ఎలా రాసుకున్నా నేను చెప్పేది మారదు.

నేను సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని చేస్తాను. మధ్యాహ్నం పూట ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి, లోపలి పుప్పొడిని గోటితో తీసేసి, మొగ్గకు ఎర్ర కాగితం తొడుగు పెడతాం. మర్నాడు పొద్దున తొడుగు తీసి మగ పువ్వు రుద్దుతాం. ఆ పూట తప్పితే మొగ్గ దండగే. మా ముఠా అంతా ఆడవాళ్లమే, సైకిళ్ల మీద పోతాం. నా మీద ఫిర్యాదు ఇచ్చిన శివకుమార్ సీడ్ ఆర్గనైజర్. కంపెనీ విత్తనం రైతులకు ఇచ్చేదీ, పంట తీసుకునేదీ అతనే. ఏ చేనుకు ఏ ముఠా పోవాలో చెప్పేదీ అతనే.

హెల్మెట్ ఎందుకు పెట్టుకున్నావని ఎస్సై గారు అడిగారు. నిరుడు ఎండాకాలం మా అన్న సాయన్న సైకిల్ మీద నుంచి పడ్డాడు. లారీ గుద్దలేదు, కారు గుద్దలేదు. మేకపిల్ల అడ్డం వచ్చింది. కల్వర్టు గోడకు తల తగిలింది. మనిషి బతికాడు. కానీ నన్ను చూసి, చనిపోయిన మా అమ్మ అనుకుంటాడు. అన్నం ఎప్పుడు పెడతావని అడుగుతాడు. నేను చెల్లెనే అన్నా అంటే నవ్వుతాడు. మేకపిల్ల అడ్డం వచ్చింది, అంతే.

అన్నను చూసి వచ్చిన రోజున నా బిడ్డ అమూల్య, గద్వాలలో డిగ్రీ చదువుతోంది, సైకిల్ హెల్మెట్ ఒకటి కొనుక్కొచ్చింది. నీలం రంగుది, పైన బెజ్జాలున్నది. నా తలకు పెట్టి తనే పట్టీ బిగించింది. "అమ్మా, రేపు నువ్వు నన్ను గుర్తు పట్టకుంటె నేనేం గావాలె?" అన్నది. ఆనాటి నుంచి హెల్మెట్ లేకుండా సైకిల్ ఎక్కలేదు.

ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా శివకుమార్ నవ్వాడు. "ఏంది బాలనాగమ్మా, నెత్తిమీద జల్లెడ బోర్లించుకున్నవ్? సైకిల్‌కు చలాన్ రాయరు, తెల్వదా?" అన్నాడు. మా దిక్కున హెల్మెట్ తల కోసం కాదు, పోలీసుల కోసం. బండి అద్దానికి వేలాడదీసుకుని తిరుగుతారు. అలంపూర్ చౌరస్తా వస్తుందనగా తలకు ఎక్కుతుంది, దాటగానే దిగుతుంది. చెకింగ్ ఉన్న రోజున అటు నుంచి వచ్చేవాళ్లు ఎదురొచ్చేవాళ్లకు నెత్తి మీద రెండుసార్లు తట్టి చూపిస్తారు. ముందు పోలీసులున్నారు, పెట్టుకో అని దానర్థం. ఈ సంగతి ఎస్సై గారికి కొత్త కాదనుకుంటాను. రాసుకుంటూ నవ్వారు.

12వ తేదీ గురువారం పొద్దున ఏడున్నరకు నేను ఊరి నుంచి చేను వైపు పోతున్నాను. మా ఊరు హైవే పక్కన, చేను లోపలికి ఉంటుంది. శివకుమార్ బండి మీద ఎదురుగా వస్తున్నాడు. చౌరస్తాకు పోతున్నాడు. వంక దగ్గరి మలుపులో నా హెల్మెట్ లోపల చీమ కుట్టింది. చేయెత్తి హెల్మెట్ మీద రెండు దెబ్బలు వేశాను. ఇదే నేను చేసిన పని. ఇంకేమీ చేయలేదు.

అతను ఒక చెయ్యి వదిలేసి అద్దానికున్న హెల్మెట్ లాగి తలకు దోపుకున్నాడు. బండి అటూ ఇటూ ఊగి నా ముందు చక్రానికి తగిలింది. ఇద్దరం వంకలోని రాళ్ల మీద పడ్డాం. నా తల బండరాయికి తగిలి టప్పుమని చప్పుడైంది. ఇంతే సంగతులు అనుకున్నాను. కళ్లు తెరిచి ముందుగా నా బిడ్డ పేరు పైకి అని చూసుకున్నాను. అమూల్య. వచ్చింది. మళ్లీ అన్నాను. అమూల్య. అప్పుడు లేచాను. మోచేయి చెక్కుకుపోయింది, హెల్మెట్ మీద గీత పడింది, అంతే.

శివకుమార్ హెల్మెట్ రాతికి కొట్టుకుని, పట్టీ పెట్టలేదు కనుక ఊడి దూరంగా పడింది. నిలువునా పగిలి ఉంది. అతని తలకు చిన్న గాయం కూడా లేదు. కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట:

"పోలీసులు ఏడున్నరు?"

"ఏ పోలీసులు సారూ?"

"నెత్తి తట్టి చూపిస్తివి గద!"

"చీమ సారూ, చీమ."

అతనికి భుజం ఎముక విరిగింది. నేనే ఆటో ఆపి గద్వాల దవాఖానకు తీసుకుపోయాను. పగిలిన హెల్మెట్ కూడా పట్టుకుపోయాను. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి, ఈ దెబ్బ తలకు తగిలి ఉంటే ఇక్కడి దాకా తెచ్చే పని ఉండకపోయేదని అన్నది. శివకుమార్ విన్నాడు.

వినీ మర్నాడు నా మీద ఫిర్యాదు ఇచ్చాడు. ఎస్సై గారు చదివి వినిపించారు. "అవసరం లేకున్నా సైకిల్‌పై హెల్మెట్ ధరించి, పోలీసులు ఉన్నట్లు తప్పుడు సైగ చేసి, ప్రమాదానికి కారకురాలైనది" అని ఉంది. ఆ సాయంత్రమే మా ఊరి పెద్దమనిషి వెంకట్రాములు మా ఇంటికి వచ్చాడు. "తప్పు నాదే అని ఒక్క మాట అను బాలనాగమ్మా, గా టోపీ ఇడిసిపెట్టు. కేసుండదు. లేకుంటె ఈ సీజన్‌ల నీకు ఏ చేన్లనూ పని దొరకదు" అన్నాడు. నా భర్త కూడా ఒప్పుకో అన్నాడు. బిడ్డ చదువు, అన్న మందులు ఈ క్రాసింగ్ పని మీదే నడుస్తాయి. భయం వేసింది. కాసేపటికి ఒళ్లు మండింది.

మొగ్గకు తొడుగు లేకపోతే చేను రద్దు చేస్తానని సాలు సాలూ తిరిగి అరిచే మనిషి ఈ శివకుమారే. అతనికి మొగ్గ మీద ఉన్న పట్టింపు తల మీద లేదు. ఇంటి దగ్గరే హెల్మెట్ పెట్టుకుని బయల్దేరి ఉంటే, దారిలో నేను తల గోక్కున్నా, చిందులేసినా అతనికి అక్కర ఉండేది కాదు. పడ్డది నా హెల్మెట్ వల్ల కాదు, తన హెల్మెట్ అద్దానికి వేలాడినందువల్ల. ఈ మాట అట్లనే రాయమన్నాను, రాశారు.

ఇక్కడిదాకా చెప్పేసరికి బయట సైకిల్ బెల్లులు మోగాయి. ఎస్సై గారు లేచి వెళ్లారు, వెనకే నేనూ వెళ్లాను. మా ముఠా అంతా వచ్చి ఉంది. అందరి తలల మీదా హెల్మెట్లే. నల్లవి, ఎర్రవి, అద్దం విరిగినవి, చెవుల దాకా దిగినవి. మొగుళ్ల బండ్లకు ఊరికే వేలాడుతున్నవన్నీ ఊడబెరుక్కుని వచ్చారు. ఇన్నాళ్లూ నన్ను చూసి ముసిముసిగా నవ్విన విజయమ్మ అందరికంటే ముందుంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకోలేదు.

ఎస్సై గారు పిలిపించగా వచ్చిన శివకుమార్ చెయ్యికి కట్టుతో వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. విజయమ్మ అతని ముందే సైకిల్‌కు స్టాండ్ వేసింది. "సారూ, నిన్న తొడుగులు వేసిన మొగ్గలు పొద్దటి సంది చూస్తున్నయ్. బాలనాగమ్మ వస్తెనే మేం వస్తం. హెల్మెట్లు తీయం. మీరే ఆలోచన జేస్కోండ్రి" అన్నది.

శివకుమార్ ఎండ వైపు చూశాడు. పువ్వు పొద్దెక్కితే ఆగదని అతనికి మాకంటే బాగా తెలుసు.

"కాయితం వాపస్ తీస్కుంట సార్" అని ఎస్సై గారితో అన్నాడు.

"ఆమెకు ఏం చెప్తవ్?" అని ఎస్సై గారు అడిగారు.

అతను నా వైపు తిరిగాడు. "పో బాలనాగమ్మా, చేన్లకు పో. పైలంగ పో" అన్నాడు.

ఫిర్యాదు వాపసు అయినా నా వాంగ్మూలం పూర్తి చేయమని నేనే కోరాను. మళ్లీ ఎవరూ నా తప్పు అనకూడదు.

పైన రాసింది నా నోటి మాటే. చదివి వినిపించగా విన్నాను, ఒక్క మాట కూడా అబద్ధం లేదు. సంతకం చేసే ముందు హెల్మెట్ తీయమని కానిస్టేబుల్ అన్నాడు. సైకిల్ ఎక్కబోతున్నాను కనుక తీయలేదు.

(సంతకం)
బాలనాగమ్మ