ఎడమ చెప్పు సాక్ష్యం

ఊరి మడుగులో అరుదైన పసుపుగొంతు కప్ప ఇంకా ఉందని ఈ ఉదయం రుజువు కాకుంటే, రేపు ఆ మడుగును పూడ్చి అక్కడ కార్ల పార్కింగుకు పట్టాభిషేకం చేస్తారు. సందర్శకులకు దారి చూపే గైడైన కోడలు గట్టున చెవులు రిక్కించి నిలబడింది, వెనకే మామగారు.

“అదిగో, కిర్రుమంది! అదే!”

“నా ఎడమ చెప్పమ్మా అది. తడిస్తే అంతే.”

“మామయ్యగారూ! పారేయమని ఎన్నిసార్లు చెప్పాను? ఇక కదలకండి.”

“కదల్లేదే!”

“మరి ఇప్పుడు కిర్రుమన్నదెవరు?”

“ఆ ఆకు కింద చూడు, గొంతుకు పసుపు పూసుకుని... నా చెప్పును పోటీ కప్ప అనుకుని కయ్యానికి కాలు దువ్వుతున్నాడు తల్లీ!”

“ఫొటో వచ్చింది, అరుపూ రికార్డయింది. అమ్మయ్య, మడుగు బతికింది!”

“రిపోర్టులో నా పేరుంటుందా?”

“మీ చెప్పు పేరుంటుంది మామయ్యగారూ. సగౌరవంగా.”