దండ వేసిన దిష్టిబొమ్మ

ఏవే సాయిదుర్గా, ఆ పెద్దాపురం ఇంటి ఫొటో నీ ఫోన్లో ఇంకోసారి చూపించు. ఆ, ఇదే. చెక్క మీద బోసినోటితో నవ్వుతున్న ముసలావిడ, మెళ్లో బంతిపూల దండ. దీన్ని చూశాకే కదూ నీకు బొమ్మలేసుకు బతకాలన్న పిచ్చి పట్టింది? మా బుల్లిరాజు అన్నయ్య వేసిందే తల్లీ ఇది. నీకు పెద్దతాత. నువ్వు పుట్టకముందే పోయాడులే. పొద్దున్నే మీ నాన్న నాకు పురమాయించాడు, "నాన్నా, పెదనాన్న ఎలా చెడ్డాడో దానికి చెప్పండి, అప్పుడైనా పిల్లల పుస్తకాలకి బొమ్మలేస్తాననడం మాని కంపెనీ ఉద్యోగంలో చేరుద్ది" అని. సరే, చెప్తాను. చెడిన కథే ఇది. అనుకుంటా.

అన్నయ్యకి పొలం పని వంటబట్టలేదు. "వీడు నాగలి పడితే ఎద్దులు నవ్వుతాయిరా" అనేవాడు మా నాన్న. పత్రికలకి బొమ్మలు పంపేవాడు, పోయిన దారినే తిరిగొచ్చేవి. చివరికి దొరికిన పనేంటో తెలుసా? కడుతున్న ఇళ్లకి దిష్టిబొమ్మలెయ్యడం. మేస్త్రీలైతే కుండకి సున్నం పూసి, మసితో కోరలు గీసి కట్టేవారు. మావాడు కోరలెయ్యడు, మనుషుల ముఖాలేస్తాడు! "ఇదేంట్రా, చూస్తే భయం పుట్టాలి కదా" అని ఇంటివాళ్లంటే, "ఎందుకండీ భయం? దారినపోయేవాడి కన్ను ఇంటి మీద పడకుండా బొమ్మ మీద పడాలి, అంతే కదండీ. వికారంగా ఉంటే మొహం తిప్పుకుంటాడు, తిప్పుకుంటే ఇల్లే కనపడుద్ది. బాగుంటే అక్కడే నిలబడిపోతాడు" అనేవాడు. నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైనా అయిందో లేదో.

ఆ రోజుల్లో లక్ష్మీనరసింహం గారని, రైసుమిల్లు ఆయన, పెద్దాపురంలో మేడ కడుతున్నారు. వాళ్లమ్మ వెంకటరత్నమ్మ గారు రోజూ ఇసుక పక్కన పీటేసుకుని కూలీల్ని అదిలిస్తూ కూచునేది. నోరు మంచిది కాదు, మనిషి మంచిది. కాదు కాదు, మనిషీ అంతంతమాత్రమే, కానీ నవ్విందంటే మాత్రం... ఏం చెప్తున్నాను? ఆ, మావాడు ఆవిడ్నే చూసి చూసి, ఆవిడ ముఖమే చెక్క మీద వేసి మేడకి కట్టేశాడు. ఒకరి కన్నతల్లిని తీసుకెళ్లి దిష్టిబొమ్మ చేస్తాడా ఎవడైనా? తెల్లారేసరికి వీధంతా జనం, తీర్థంలా. నరసింహం గారు పంచె ఎగ్గట్టుకుని వచ్చారు, "మా అమ్మ నీకు దిష్టిబొమ్మలా కనపడిందేంట్రా? దింపు!" అని. అన్నయ్య నిచ్చెన ఎక్కబోతుంటే ముసలావిడే ఆపింది. "ఉండనీరా నరసింహం. కాపరానికొచ్చిన కాడ్నుంచీ ఈ ఊళ్లో నన్ను తలెత్తి చూసినోడు లేడు. చూడనీ" అంది.

ఆ తర్వాత? తర్వాతేముంది, ఊరంతా మెచ్చుకుంది, పని మాత్రం ఒక్కడూ ఇవ్వలేదు. ఎవరి అమ్మని ఎక్కిస్తాడోనని భయం మరి. పెళ్లీ లేదు, పెడాకులూ లేవు, మా సావిట్లోనే పడుండేవాడు. ఇదే తల్లీ, మీ నాన్న చెప్పమన్నది ఇదే.

ఇక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుద్దని వెంకటరత్నమ్మ గారు జన్మలో తీయించుకోలేదు. ఆవిడ పోయాక ఇల్లంతా వెతికినా ఒక్క ఫొటో దొరకలేదు. ఇదిగో, ఈ చెక్కనే కడిగి గోడకి పెట్టారు. తద్దినానికొచ్చిన పంతులుగారు "దిష్టిబొమ్మకి దండేంటండీ" అన్నారట. "మా అమ్మండి" అని నరసింహం గారు చిన్నపిల్లాడిలా ఏడ్చారట. అన్నయ్య కూడా వెళ్లి గుమ్మంలోంచి చూసొచ్చాడు. ఎలా ఉందన్నయ్యా అంటే, "చెవి సరిగ్గా కుదర్లేదురా త్రిమూర్తులూ" అన్నాడు, అంతే. అది సంతోషమో, బాధో! ఆ రాత్రి అన్నం మాత్రం మారు వడ్డించుకున్నాడు.

మరి చెడ్డట్టా, బాగుపడ్డట్టా? చెడ్డాడనే చెప్పాలి. అన్నయ్య బతికినన్నాళ్లూ నేనూ అదే అన్నాను. నీకు వద్దని చెబుదామనే మొదలెట్టానే తల్లీ, ఆ మాట ఎక్కడ చెప్పాలో తెలీడం లేదు. వద్దంటే మరి ఆ ముసలావిడ... ఏంటే, అలా కళ్లు చికిలించి చూస్తున్నావు? కదలొద్దంటావేంటి? నా ముఖంలో ఏముందే గీయడానికి? ఊఁ... కళ్లజోడు తీసెయ్యనా?