పాము శాపం కాదు, కంటి ప్రోటీను

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన మా ఆసుపత్రి సూపరింటెండెంటు గోవిందయ్య గారికి, నన్ను ఇన్నేళ్లు భరించిన సిస్టర్లకు, ఆయమ్మలకు, పొదిలి నుంచి, తర్లుపాడు నుంచి పనులు మానుకుని వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం, సలాం. అయిదు నిమిషాల్లో ముగించమని గోవిందయ్య గారు చెవిలో చెప్పారు. ముప్పై రెండేళ్లు మార్కాపురంలో కళ్లు పరీక్షించినవాడికి అయిదు నిమిషాలు ఏం సరిపోతాయి సార్. (నవ్వులు)

ఇందాకటి నుంచి అందరూ నా గురించి మంచే చెప్పారు. నేను చేసిన తప్పు ఒకటి ఉంది, అది నేనే చెప్పాలి. మూడో వరసలో కూర్చున్న అంకన్న గొర్రెలు కాస్తాడు. పాతికేళ్ల కిందట, ఎనిమిదేళ్ల పిల్లాడిగా మా కంటి క్యాంపుకు వచ్చాడు. రెండు కళ్లలోనూ శుక్లమే. పెద్దాసుపత్రికి పంపాను, ఆపరేషన్ బాగానే చేశారు. కానీ పుట్టినప్పటి నుంచి వెలుగు సరిగా అందని కళ్లు కదా, వాటితో చూడడం మెదడు నేర్చుకోనే లేదు. ఇవాళ్టికీ అంకన్న తన గొర్రెలను అరుపును బట్టే గుర్తుపడతాడు. ఆ రోజు వాడి పక్కన తల్లి పుల్లమ్మ నిలబడి ఉంది, శుక్లం తీయించుకున్నవాళ్లు పెట్టుకునే సోడాబుడ్డి అద్దాలతో. ‘అమ్మా, నీకు చూపు ఎప్పుడు పోయింది’ అని ఒక్క మాట అడిగి ఉంటే, ఇది ఆ ఇంట్లో తరాలుగా వస్తున్నదని అప్పుడే తెలిసేది, వాడికి పుట్టబోయే పిల్లల గురించి ముందే హెచ్చరించేవాణ్ణి. నేను అడగలేదు. క్యూ పొడుగ్గా ఉందని అడగలేదు.

అంకన్నా, ఇన్నేళ్ల తర్వాత చెబుతున్నాను, నన్ను క్షమించు.

మూడేళ్ల కిందట అంకన్న భార్య చెంచులక్ష్మి ఇరవై రోజుల పసిపిల్లను ఎత్తుకుని నా గదికి వచ్చింది.

“సారూ, పాప దీపం దిక్కు చూడట్లే. ఆయన కండ్ల మాదిరే ఉండాయి.”

టార్చి వేసి చూస్తే నల్లగుడ్డు నడుమ తెల్లగా ఉంది. ఇంకో నెలరోజుల్లోపు ఆపరేషన్ కాకపోతే ఈ పాపకూ తండ్రి గతే. ఆ మాట చెప్పగానే గుమ్మంలో ఉన్న పుల్లమ్మవ్వ అడ్డం పడింది.

“కత్తి పెట్టొద్దు సారూ. అంకన్న కడుపులో ఉండంగ నేను పామును కొట్టి చంపినా. అది ఇంకా వదల్లే. ముందు శాంతి చేయించాల.”

ముప్పై ఏళ్లుగా ఊరంతా ఆమెను ఆ మాటే అన్నది. మన ఆయమ్మ లాల్‌బీ కూతురు సైమా హైదరాబాదులో ఈ కంటి ప్రోటీన్ల మీదే పరిశోధన చేస్తోంది. వెంటనే ఫోన్ చేసి సంగతి చెప్పాను. అదిగో, ముందు వరసలో తల దించుకుని దాక్కుంటోంది. లే అమ్మా, అందరూ చూడనీ. (చప్పట్లు)

“స్పీకర్ పెట్టు మామూ,” అన్నది. “అవ్వా, కంట్లో చిన్న అద్దం ఉంటది. అది నిండా ప్రోటీనే. కడుపులో ఉండంగ దాని నడుమ ఏది తయారైందో సచ్చేదాకా అదే, మళ్ల కొత్తది రాదు. ఆ ప్రోటీన్లు చెదరకుండ ఉన్నంతకాలం వెలుతురు లోపలికి పోతది. ముసలితనానికి అవి దెబ్బతిని, ఒకదాన్నొకటి కరుచుకొని గడ్డ కడతాయి. అదే శుక్లం. మీ ఇంట్లో ఆ ప్రోటీనుకు పుట్టుకతోనే నిలకడ లేనట్లుంది. రక్తం చూస్తే తెలుస్తది.”

అవ్వ ఫోను దగ్గరికి వంగి అడిగింది.

“అయితే నా కాడ్నుంచే వచ్చింది గదమ్మా.”

“వచ్చింది అవ్వా. నీ ముక్కు నీ కొడుక్కు ఎట్ల వచ్చిందో అట్లనే వచ్చింది. ముక్కు వస్తే పాపమంటారా?”

అవ్వ కొంగుతో అద్దాలు తుడుచుకుంది. “పెద్దాసుపత్రికి బస్సు ఎన్ని గంటలకు సారూ,” అన్నది.

పాప పుట్టిన నలభయ్యో రోజున ఆపరేషన్ అయింది. కొన్ని నెలలకు రక్తపరీక్ష ఫలితమూ వచ్చింది. సైమా ఊహించినట్టే, అవ్వకు, అంకన్నకు, పాపకు, ముగ్గురికీ ఒకే ప్రోటీనులో, ఒకే ఒక్క చోట మార్పు.

నేను ముప్పై ఏళ్లుగా శుక్లాన్ని ‘పొర, పొర’ అంటూ తిరిగాను, అసలది పొరే కాదు! అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. కంట్లోని ఆ అద్దంలోనే కాపలా ప్రోటీన్లు కూడా ఉంటాయట. పక్కది చెదిరిపోతుంటే పట్టుకుని, గడ్డ కట్టకుండా ఆపుతాయట. అరవై, డెబ్బై ఏళ్లు ఇదే డ్యూటీ, సెలవు లేదు, బదిలీ లేదు. ఇది విన్న నాటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు, మా ఇంటావిడ షబీనాను అడగండి. (నవ్వులు) అయితే ఒక్క మాట. చుక్కల మందుతో శుక్లం కరుగుతుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఆ మందు కోసం వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. ఇవాళ్టికి ఆపరేషనే దారి.

ఆ పాప పేరు మల్లి. అద్దాలు పెట్టుకుని ఇందాకటి నుంచి ఈ హాలంతా పరుగెడుతున్నది, నా మెడలో దండ నుంచి చేమంతులు పీకుతున్నది ఆ పిల్లే. మొన్న పుల్లమ్మవ్వ నాతో అన్నది, “ఇప్పుడు నన్ను ఎవురన్నా పాము మాట అంటే, నా మనమరాలిని పిలిచి చూపిస్తుండా.”

చెంచులక్ష్మికి వచ్చే నెల మళ్లీ కాన్పు. ఆ బిడ్డకు ఇది రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం. ఈసారి ఆమే ముందుగా వచ్చి, “పుట్టిన రోజే కండ్లు చూడాల సారూ, నువ్వే రావాల,” అన్నది. రిటైరవుతున్నానని చెప్పాను. “అయితే ఏంది,” అన్నది.

గోవిందయ్య గారూ, ఆ ఒక్క రోజు నన్ను కాన్పుల వార్డులోకి రానివ్వండి. ఈ శాలువకు, ఈ దండకు, ముప్పై రెండేళ్లు మీ కళ్లు నాకు అప్పగించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ బిడ్డ పుట్టేదాకా మాత్రమే సెలవు.